రుజువు భారం ఎవరిది?

ఓటీపీ గడువు దాటాక రావడం, వేలిముద్ర పడకపోవడం, ఫారమంతా నింపాక సెషన్ ముగిసిందని తెర చెప్పడం, పాత ఫోనులో కొత్త యాప్ తెరుచుకోకపోవడం. విడివిడిగా చూస్తే ఇవన్నీ చిన్న చికాకులే. వీటికోసం ఎవరూ సభ పెట్టరు, ధర్నాకు కూర్చోరు. కానీ వీటన్నిటి కింద ఒకే ప్రశ్న ఉంది. యంత్రానికీ మనిషికీ లెక్క కుదరనప్పుడు తప్పు ఎవరిదని ముందుగా అనుకోవాలి? ఆ ప్రశ్న మీద రెండు పక్షాల వాదన ఇది. మామయ్య బ్యాంకులో గుమాస్తాగా చేరి మేనేజరుగా రిటైరైన మనిషి. డిజిటల్ పద్ధతులంటే ఆయనకు గట్టి నమ్మకం. మేనకోడలు సాఫ్ట్‌వేర్ సంస్థలో టెస్టింగ్ ఉద్యోగి. ప్రోగ్రాములు ఎక్కడ చెడతాయో వెతికి పట్టుకోవడమే ఆమె పని. టెక్నాలజీ కావాలన్న విషయంలో ఇద్దరికీ పేచీ లేదు. అది తప్పినప్పుడు ఆ భారం ఎవరు మొయ్యాలన్నదే తగవు.

మేనకోడలు: మామయ్యా, కార్డుతో ఆన్‌లైన్‌లో ఒక బిల్లు కట్టే పని తీసుకోండి. నంబరు కొట్టి బటన్ నొక్కగానే తెరమీద ఖాళీ గడులు వస్తాయి, వాటి పక్కన సెకన్లు తగ్గుతూ పోతుంటాయి. ఓటీపీ మెసేజిలో వస్తుంది కాబట్టి ఈ పేజీ వదిలి అక్కడికి వెళ్లాలి. ఆరంకెలూ గుర్తుపెట్టుకుని వెనక్కి వచ్చేసరికి కొన్ని ఫోన్లలో పేజీ మళ్లీ మొదటినుంచి లోడవుతుంది, అప్పుడు ఆ అంకెలు చెల్లవు. సిగ్నల్ సరిగా లేనిచోట మెసేజే గడువు దాటాక వస్తుంది. ‘మళ్లీ పంపు’ నొక్కితే పాతదీ కొత్తదీ ఒకేసారి వచ్చిపడతాయి, ఏది కొట్టాలో తెలియదు. కొన్నిసార్లు వరసగా తప్పితే కార్డే బ్లాకవుతుంది. ఇందులో వాడేమనిషి చేసిన తప్పేమిటి? టవరు అందలేదు, మెసేజి ఆలస్యమైంది, ఫోనులో మెమరీ చాలలేదు. అయినా చివరికి యంత్రం తేల్చేది ఒక్కటే: నువ్వు నువ్వేనని రుజువు కాలేదు. ఆలస్యమైతే ఓర్చుకోవచ్చు, ఈ తీర్పునే నేను ఒప్పుకోలేను. బ్యాంకులో ఓటీపీ అయినా, రేషన్ షాపులో వేలిముద్ర అయినా, పెన్షన్‌కు ముఖం చూపించడమైనా వరస ఇదే. ఎక్కడో వ్యవస్థలో వచ్చిన లోపం, మన దగ్గరికి వచ్చేసరికి మనమీద అనుమానంగా మారుతోంది. ఆ అనుమానం పోగొట్టుకునే పని కూడా మనదే అవుతోంది.

మామయ్య: అమ్మా, ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. బ్యాంకులో డబ్బు తీసుకోవడానికి ఒకప్పుడు ఏం చెయ్యాలో చెబుతాను, విను. విత్‌డ్రాయల్ ఫారం, పాస్‌బుక్కు కౌంటర్లో ఇస్తే ఇత్తడి టోకెన్ ఇచ్చేవాళ్లు. గుమాస్తా లెడ్జరు తీసి పద్దు రాస్తాడు, ఆఫీసరు సంతకం కార్డుతో పోల్చి పాస్ చేస్తాడు, ఆ కాగితం క్యాషియరు దగ్గరికి చేరాక టోకెన్ నంబరు పిలుస్తారు. అన్నీ సవ్యంగా జరిగితేనే పూట గడిచిపోయేది. ఇప్పుడు యూపీఐ చూడు. 2016 ఏప్రిల్‌లో మొదలైంది. 2023 ఆగస్టులో ఒక్క నెలలోనే వెయ్యి కోట్ల లావాదేవీలు దాటింది, ఆ తర్వాత రెండేళ్లకు అది రెండు వేల కోట్లు దాటింది. టీకొట్టు నుంచి బంగారం షాపు దాకా ఒకటే పద్ధతి. నువ్వు విసుక్కునే ఓటీపీ కూడా అవసరం కొద్దీ వచ్చిందే. ఇంటర్నెట్‌లో కార్డు వాడాలంటే కార్డు మీద ఉన్న వివరాలు చాలవు, అదనంగా ఇంకో ధ్రువీకరణ ఉండాలని రిజర్వు బ్యాంకు 2009లో తప్పనిసరి చేసింది. కార్డు ఎవరి చేతిలో పడినా, దానిమీది అంకెలు ఎవరు రాసుకున్నా ఖాతా ఊడ్చుకుపోకూడదనే. ఇక రేషన్ సంగతి. ఊళ్లో లేనివాళ్ల పేర, చనిపోయినవాళ్ల పేర డీలరే రిజిస్టర్లో వేలిముద్రలు వేసుకుని బియ్యం బయట అమ్ముకున్న కథలు ఏ జిల్లాలో లేవు? యంత్రానికి కులం తెలియదు, లంచం తెలియదు, మొహమాటం తెలియదు. అది అడిగే రుజువు పేదవాడికీ పెద్దవాడికీ ఒకటే.

మేనకోడలు: అడిగే రుజువు ఒకటే కావచ్చు మామయ్యా, ఇవ్వగలిగే స్తోమత ఒకటి కాదు. మీరు చెప్పిన లాభాలన్నీ నిజమే, వాటిలో ఒక్కటీ నేను కాదనను. అయితే లాభం అందరికీ అందుతున్నప్పుడు నష్టం ఎవరికి చేరుతోందో కూడా లెక్క తియ్యాలి. రేషన్ షాపులో ఈపాస్ మిషన్ ఎలా పనిచేస్తుందో దగ్గరగా చూద్దాం. కార్డు నంబరు కొడితే కుటుంబ సభ్యుల పేర్లు వస్తాయి, వచ్చిన మనిషి పేరు ఎంచుకుని గాజుపలక మీద వేలు పెట్టాలి. ఆ ముద్ర నెట్ ద్వారా ఆధార్ సర్వరుకు వెళ్లి, నమోదు రోజున తీసుకున్న ముద్రతో సరిపోలాలి. సరిపోలకపోతే వచ్చే జవాబుకు ఒక కోడు ఉంది, 300. అంటే బయోమెట్రిక్ సరిపోలలేదని. ఎందుకు సరిపోలలేదో ఆ మూడంకెలు చెప్పవు. ఆ మనిషి వేలిని చీరచెంగుతో తుడుచుకుంటుంది, జుట్టుకు రాసుకుని కాస్త నూనె అంటించుకుంటుంది, ఇంకో వేలు పెడుతుంది, ఆఖరికి రేపు రమ్మనిపించుకుంటుంది. ఎవరి ముద్రలు ఇలా తప్పుతాయి? సున్నం, సిమెంటు కలిపేవాళ్లవి, మిరపకాయలు కోసేవాళ్లవి, బట్టలుతికేవాళ్లవి, ఏళ్ల తరబడి బీడీలు చుట్టినవాళ్లవి. వయసు మీదపడి చర్మం సాగే గుణం పోయినవాళ్లవి. కొన్నిరకాల క్యాన్సర్ మందులు వాడేవాళ్లకు కూడా వేలిగీతలు చెరిగిపోతాయని వైద్యులు గుర్తించారు. అంటే ఈ వైఫల్యం లాటరీలా అందరిమీదా సమానంగా పడేది కాదు. చేతులతో కష్టపడి బతికేవాళ్లమీదా, ముసలివాళ్లమీదా, జబ్బుపడినవాళ్లమీదా ఎక్కువగా పడుతుంది. రేషన్ పథకం ఎవరికోసం పెట్టామో, మిషన్ అడ్డుపడేది ఎక్కువగా వాళ్లకే.

మామయ్య: ఎంతమందికి అడ్డుపడుతుందో చెప్పకుండా ఎవరికి అడ్డుపడుతుందో మాత్రమే చెబితే వాదన ఒకవైపుకు ఒరుగుతుంది. 2016-17 ఆర్థిక సర్వేలోనే ఈ అంచనాలు ఉన్నాయి. ధ్రువీకరణ విఫలమయ్యేది జార్ఖండ్‌లో నూటికి 49, రాజస్థాన్‌లో 37 అని రాశారు. అదే సర్వేలో మన కృష్ణా జిల్లా లెక్క నూటికి 5. అంటే శ్రద్ధగా అమలు చేస్తే వైఫల్యం తగ్గించవచ్చని మన జిల్లాయే చూపించింది. ఆ మిగిలిన ఐదుగురికీ దారులు ఉన్నాయి. వేలు పడకపోతే కనుపాప, అదీ కాకపోతే ఫోనుకు ఓటీపీ, ఇప్పుడు ముఖం గుర్తింపు కూడా వచ్చింది. అంతకుమించి నియమం కూడా ఉంది. ఆధార్ లేదనో, ధ్రువీకరణ విఫలమైందనో అర్హులకు రేషన్ ఆపవద్దని కేంద్ర ఆహార శాఖ 2017 అక్టోబరులోనే రాష్ట్రాలకు రాసింది. 2018లో సుప్రీంకోర్టు ఆధార్ కేసు విచారిస్తున్నప్పుడు ప్రభుత్వ సేవల్లో ధ్రువీకరణ నూటికి 88 సార్లు విజయవంతమవుతోందని ఆధార్ నిర్వహించే యూఐడీఏఐ చెప్పింది. మిగిలిన 12 సార్లు విఫలమైనంత మాత్రాన సేవ నిరాకరించినట్టు కాదనీ వివరించింది. నూటికి నూరుపాళ్లు పనిచేసే పద్ధతి లోకంలో లేదమ్మా. మా కౌంటర్లో సంతకం తేడా వచ్చిన చెక్కులు వాపసు పోలేదా?

మేనకోడలు: వాపసు పోయాయి. కానీ మీ కౌంటర్లో సంతకం కలవని ముసలాయన ఎదురుగా నిలబడితే ఏం జరిగేదో ఆలోచించండి. ఆఫీసరు ఆయన ముఖం చూసేవాడు. తన ముందే మళ్లీ సంతకం పెట్టమనేవాడు, బ్యాంకులో ఖాతా ఉన్న ఇంకొకరితో సాక్ష్యం చెప్పించేవాడు, చెయ్యి వణుకుతుంటే వేలిముద్ర తీసుకునేవాడు. ఎదుట ఉన్న మనిషిని చూసి నిర్ణయించే అధికారం అక్కడ ఒకరికి ఉండేది. నూటికి ఐదు అంటే ఐదువందల కార్డులున్న షాపులో పాతిక ఇళ్లు మామయ్యా. ఆ పాతిక ఇళ్లకు జవాబు చెప్పే మనిషి ఎవరన్నదే నా ప్రశ్న. మీరు చెప్పిన ప్రత్యామ్నాయాలు కూడా ఒకదాని మీద ఒకటి ఆధారపడినవే. ఓటీపీ రావాలంటే ఆధార్‌కు ఫోన్ నంబరు కలిపి ఉండాలి. రీఛార్జి చెయ్యక వాడకం ఆగిపోయిన నంబరును కొంతకాలానికి కంపెనీ ఇంకెవరికో ఇచ్చేస్తుంది. కొత్త నంబరు కలిపించడానికి ఆధార్ కేంద్రానికి వెళ్తే మళ్లీ బయోమెట్రిక్ ఇవ్వాలి, ఏ వేలు పడకపోవడం వల్ల ఈ తిప్పలన్నీ వచ్చాయో ఆ వేలే. ఇక ముఖం సంగతి. యాసిడ్ దాడికి గురైనవాళ్లు, చూపులేనివాళ్లు వేసిన కేసుల్లో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. బ్యాంకు కేవైసీలో తెరముందు బతికున్న మనిషే ఉన్నట్టు రుజువుకు కళ్లు ఆర్పి చూపమంటారు. యాసిడ్ పడి కనురెప్పలు దెబ్బతిన్న మనిషి ఎలా ఆర్పాలి? డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని చెప్పి, కేవైసీ పద్ధతులు మార్చమని కోర్టు ఇరవై ఆదేశాలు ఇచ్చింది. బతికున్నానని చెప్పుకోవడానికి సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సిన పరిస్థితి వచ్చిందంటే, దారులున్నాయన్న మాటకు ఎంత విలువ?

మామయ్య: ఆ తీర్పు నేనూ చదివాను, అందులో న్యాయముంది. అయినా నా అసలు భయం ఇంకోటి, అది చెప్పనీ. మనిషి విచక్షణ అంటూ నువ్వు మెచ్చుకుంటున్నావే, దొంగలెక్కలన్నీ ఆ సందులోంచే దూరాయి. ముఖం చూసి నిర్ణయించే అధికారం ఉన్నవాడు తెలిసిన ముఖానికి ఒక రకంగా, తెలియని ముఖానికి ఒక రకంగా నిర్ణయిస్తాడు. మంచి చీర కట్టుకొచ్చినామెకు కుర్చీ వేసి, కూలికి వెళ్లేదాన్ని గుమ్మం దగ్గరే నిలబెట్టిన కౌంటర్లు ఉన్నాయి. యంత్రం పక్కన మనిషి దారి ఒకటి తెరిచి పెడితే, నెల తిరిగేసరికి సగం బియ్యం ఆ దారినే పోతుంది. వేలిముద్ర పడలేదని రాసుకోవడం డీలరుకు ఎంతపని? బ్యాంకుల్లోనూ అంతే. ఫోన్లు చేసి ఓటీపీలు అడిగి ముసలివాళ్ల పొదుపు దోచుకుంటున్న కాలంలో తాళాలు వదులు చెయ్యమనడం ప్రమాదం. కఠినంగా ఉండడమే చివరికి పేదవాడికి రక్షణ. కొందరికి ఇబ్బంది కలుగుతుందని గోడ పగలగొడితే, నష్టపోయేవాళ్లూ ఆ పేదవాళ్లే.

మేనకోడలు: ఈ అభ్యంతరం బలమైనదే, అందుకే దీనికి పూర్తిగా జవాబు చెప్పాలి. మొదటి సంగతి, యంత్రం పెట్టినంత మాత్రాన మోసం ఆగలేదు. 2018లో తెలంగాణలోనే ఒక కేసు బయటపడింది. భూముల రిజిస్ట్రేషన్ దస్తావేజులు ఆన్‌లైన్‌లో పెడితే, వాటిమీది వేలిముద్రల నుంచి నకిలీ ముద్రలు తయారుచేసి ఇతరుల పేర సిమ్‌కార్డులు యాక్టివేట్ చేశారు. ఆ తర్వాత అదే ఎత్తు ఆధార్‌తో డబ్బు తీసే పద్ధతిలోకి పాకింది. అసలైన కూలీ వేలు పడని మిషన్ మీద నకిలీ వేలు పడింది. పాస్‌వర్డు పోతే మార్చుకుంటాం, వేలిముద్ర పోతే ఏం మార్చుకుంటాం? రెండో సంగతి, తనిఖీ ఎత్తెయ్యమని నేను అనడంలేదు. దాని వరస మార్చమంటున్నాను. ముందు ఇచ్చి, ఇచ్చినట్టు రాసి, తర్వాత తనిఖీ చెయ్యాలి. మనిషి దారిలో ఇచ్చిన ప్రతి సరుకుకూ పేరు, తేదీ, ఇచ్చినవాళ్ల సంతకం, తీసుకున్నవాళ్ల ఫొటో ఉంటాయి. మండలంలో అన్ని షాపుల్లోనూ నూటికి ముగ్గురు ఆ దారిలో వచ్చి, ఒక్క షాపులో ముప్పై మంది వస్తే ఆ తేడా అధికారి కంటపడకుండా ఉండదు. పాత రిజిస్టర్ల కాలంలో ఈ పోలిక తియ్యడం కష్టం, ఇప్పుడు కంప్యూటరే చెబుతుంది. దొంగను పట్టుకోవడానికి టెక్నాలజీని అక్కడ వాడాలి. ఆ పని వదిలేసి, దొంగ ఉండవచ్చన్న అనుమానంతో ప్రతి మనిషినీ గుమ్మంలో ఆపుతున్నాం.

మామయ్య: బియ్యం అయితే ముందిచ్చి తర్వాత చూడవచ్చు, ఐదుకిలోలతో కొంప మునగదు. డబ్బు దగ్గర అది కుదరదు. ఒకసారి చేతులు మారిన సొమ్ము వెనక్కి రాదు. పైగా ఎవరైనా వచ్చి నా ఖాతాలో డబ్బు పోయింది, ఆ లావాదేవీ నేను చెయ్యలేదు అంటే ఎవరి మాట నమ్మాలి? సిస్టమ్‌లో రికార్డు ఉంటుంది, సమయం ఉంటుంది, ఏ ఫోను నుంచి వెళ్లిందో ఉంటుంది. మనిషి మరిచిపోతాడు, కొందరు అబద్ధం కూడా ఆడతారు. రికార్డుకు ఆ అవసరం లేదు కదా.

మేనకోడలు: డబ్బు దగ్గరే ఈ పద్ధతి ముందు అమలైంది మామయ్యా, అదీ మీ రిజర్వు బ్యాంకే చేసింది. 2017 జూలై 6న ఇచ్చిన ఉత్తర్వు చూడండి. ఖాతాదారు తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మూడోవాళ్ల వల్ల సొమ్ము పోతే, సమాచారం అందిన మూడు పనిదినాల్లో బ్యాంకుకు చెప్పినవాళ్లకు బాధ్యత సున్నా. ఫిర్యాదు చేసిన పది పనిదినాల్లో ఆ సొమ్ము ఖాతాలో చూపించాలి. అన్నిటికంటే ముఖ్యం, తప్పు ఖాతాదారుదేనని రుజువు చేసే భారం బ్యాంకుది. ఓటీపీ తానే చెప్పేస్తే ఫిర్యాదు చేసేదాకా నష్టం తనదేనని కూడా అందులోనే ఉంది, కాబట్టి అజాగ్రత్తకు అది లైసెన్సు కాదు. 2019 సెప్టెంబరు 20 నాటి ఉత్తర్వు ఇంకొక అడుగు వేసింది. యూపీఐలో మన ఖాతాలో తగ్గి అవతలి ఖాతాలో పడని సొమ్ము మర్నాటికల్లా దానంతటదే వెనక్కి రావాలి. ఏటీఎంలో నోట్లు రాకుండా ఖాతాలో తగ్గితే ఐదు రోజుల్లో రావాలి. గడువు దాటితే రోజుకు వంద రూపాయల చొప్పున బ్యాంకు పరిహారం ఇవ్వాలి, అదీ ఖాతాదారు అడగకుండానే. మీరు మెచ్చుకున్న యూపీఐని జనం అంతగా నమ్మడానికి వేగం ఒక్కటే కారణం అనుకోను. ఇరుక్కుపోయిన సొమ్ము తిరిగి వస్తుందన్న ధైర్యం కూడా ఆ నమ్మకంలో ఉంది. రుజువు భారాన్ని వ్యవస్థ మీద పెడితే కుప్పకూలుతుందని మీ భయం. పెట్టిన తర్వాతే యూపీఐ ఇంతగా పెరిగింది.

ఇక రికార్డు అబద్ధం చెప్పదన్న మాట. ఆ నమ్మకం ఎంతదూరం తీసుకెళ్తుందో బ్రిటన్ తపాలా శాఖ చూపించింది. అక్కడ 1999 నుంచి ఫుజిట్సు తయారుచేసిన హొరైజన్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ వాడటం మొదలుపెట్టారు. చిన్న ఊళ్లలో పోస్టాఫీసు నడిపే సబ్ పోస్ట్‌మాస్టర్ల లెక్కల్లో లేని కొరతలు కనిపించసాగాయి. నేను తియ్యలేదు అంటే సిస్టమ్ చెబుతోంది అన్నారు. కొరత సొంత డబ్బుతో పూడ్చమన్నారు, పూడ్చలేనివాళ్లమీద దొంగతనం, తప్పుడు లెక్కల కేసులు పెట్టారు. కంప్యూటరు సరిగా పనిచేస్తోందని ముందు నిరూపించాలన్న నిబంధన ఇంగ్లండ్ చట్టంలో ఉండేది, దాన్ని 1999 చట్టంతోనే తీసేశారు. దాంతో యంత్రం సరైనదేనని అనుకుని మొదలుపెట్టడం, కాదని చూపించే భారం నిందితుల మీద పడటం జరిగింది. తొమ్మిదివందల మందికి పైగా శిక్షలు పడ్డాయి, కొందరు జైలుకు వెళ్లారు, ఇళ్లు అమ్ముకున్నారు. సాఫ్ట్‌వేర్‌లో లోపాలున్నాయని 2019 డిసెంబరులో అక్కడి హైకోర్టు తేల్చింది. ఆ శిక్షలను మూకుమ్మడిగా రద్దుచేస్తూ 2024 మేలో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేయాల్సి వచ్చింది. నా ఉద్యోగమే ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం మామయ్యా. తప్పుల్లేని ప్రోగ్రాము ఉండదన్న సంగతి మీద ఆధారపడి నా రంగమంతా నడుస్తోంది. ఆఫీసులో ఆ సంగతి ఒప్పుకుని జీతాలు ఇచ్చే లోకం, రేషన్ షాపు గుమ్మంలో మాత్రం దాన్ని ఎలా మరిచిపోతుంది?

మామయ్య: ఆ పోస్ట్‌మాస్టర్ల సంగతి వింటే నాకు జవాబు తోచడంలేదు, ఒప్పుకుంటాను. బ్యాంకులో ఒక పాత ఆచారం ఉంది. సాయంత్రం లెక్క చూసుకున్నప్పుడు క్యాష్ తగ్గితే క్యాషియరు కట్టుకోవాలి. పొద్దుట వచ్చి వెళ్లిన ఖాతాదారులను పిలిచి మీ జేబులు చూపించండి అనం. కౌంటరు ఎవరిదో బాధ్యత వాళ్లది. ఇప్పుడు కౌంటరు స్థానంలో యాప్ వచ్చింది కాబట్టి ఆ బాధ్యత అటు పోవాలన్న నీ మాట మా ఆచారానికి విరుద్ధం కాదు. కానీ ఖర్చు సంగతి నువ్వు తేల్చలేదు. ప్రతి షాపుకీ ప్రతి బ్రాంచికీ ఒక మనిషిని పెట్టాలంటే జీతాలు ఎవరిస్తారు? మనుషుల్ని తగ్గించి ఖర్చు మిగుల్చుకోవడానికే కదా ఇవన్నీ వచ్చింది. ఇంకో మాట కూడా ఉంది. ఈ పద్ధతులు కొత్త కాబట్టి తడబాటు ఉంటుంది. నేర్పిస్తే నేర్చుకుంటారు, పదేళ్లు పోతే ఈ బాధలుండవు.

మేనకోడలు: నేర్చుకోవడంతో తీరేవి కొన్నే. అరిగిపోయిన వేలికి ఏం నేర్పిస్తాం? సిగ్నల్ లేని తండాకు ఏ పాఠం చెబుతాం? పైగా మనమంతా ముసలివాళ్లం అవుతాం, ఈరోజు చకచకా టైపు చేసే చెయ్యి రేపు వణుకుతుంది. కాబట్టి ఇది ఒక తరంతో పోయే సమస్య కాదు. ఇక ఖర్చు. ఆ ఖర్చు ఇప్పటికే ఎవరో పెడుతున్నారు మామయ్యా, అది ప్రభుత్వ లెక్కల్లో కనిపించదంతే. రేపు రమ్మన్న ప్రతిసారీ ఒక రోజు కూలి, ఆటో ఛార్జీ, ఇంట్లో పసిపిల్లను చూసేవాళ్లు లేక పడే అవస్థ, ఇవన్నీ ఆ ఖర్చే. బ్యాంకు ఒక గుమాస్తా జీతం మిగుల్చుకుంటే, ఆ గుమాస్తా చేసే పనిని వేలమంది ఖాతాదారులు తలాకొంచెం చేస్తున్నారు. ఖర్చు తగ్గలేదు, చేతులు మారింది. అన్నిచోట్లా కొత్త ఉద్యోగులు కూడా అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2 నుంచి గ్రామ, వార్డు సచివాలయాలు ఉన్నాయి, పెన్షన్ సొమ్ము ఇంటికి తెచ్చి ఇచ్చే ఉద్యోగులున్నారు. తెలంగాణలో పంచాయతీ కార్యదర్శులున్నారు, రెండుచోట్లా ఊరూరా పోస్టాఫీసులున్నాయి. వాళ్లకు కావలసిందల్లా ఒకటే, మిషన్ కాదన్న మనిషిని గుర్తించి అవునని సంతకం పెట్టే అధికారం. ఆ అధికారం ఇస్తూ ఉత్తర్వు రాయడానికి పెద్ద ఖర్చు కాదు.

మామయ్య: అయితే నీకు కావలసింది ఏమిటో ఒకచోట చెప్పు. నా షరతులు కూడా చెబుతాను.

మేనకోడలు: నాలుగు. మొదటిది, యంత్రం కాదన్నప్పుడు ఎందుకు కాదందో తెలుగులో చెప్పాలి, ఆ మాట కాగితం మీద చేతికివ్వాలి. 300 అని కాకుండా, మీ వేలిముద్ర సరిపోలలేదు, మీ హక్కు పోలేదు, ఫలానావారిని కలవండి అని ఉండాలి. రెండోది, అదే రోజు, అదే ఊళ్లో ఒక మనిషి ద్వారా పని పూర్తయ్యే దారి ఉండాలి. అది ఎవరి దయ మీదో ఆధారపడకుండా నియమంలో రాసి, షాపు గోడమీద అంటించి ఉండాలి. 2017 నాటి రేషన్ ఉత్తర్వు ఉందని మీరు చెప్పారు. గుమ్మంలో నిలబడ్డ మనిషికి అది ఉందని తెలియనంతకాలం లేనట్టే. మూడోది, తప్పు వ్యవస్థదైతే దిద్దుబాటు దానంతటదే జరగాలి, గడువు దాటితే బ్యాంకుల్లో ఉన్నట్టే పరిహారం ఉండాలి. నాలుగోది, వైఫల్యాలు లెక్కపెట్టి షాపులవారీగా, బ్రాంచిలవారీగా నెలనెలా బయటపెట్టాలి. ఎన్ని లావాదేవీలు జరిగాయో మనం గొప్పగా ప్రకటించుకుంటున్నాం, ఎన్ని తిరగ్గొట్టామో కూడా అంతే గట్టిగా చెప్పాలి.

మామయ్య: నా షరతులు మూడు. మనిషి దారిలో జరిగిన ప్రతి పనికీ పేరూ సంతకం ఉండాలి, తర్వాత తనిఖీ తప్పకూడదు. పెద్దమొత్తం డబ్బు దగ్గర గట్టి తాళం అలాగే ఉండాలి, ఎందుకంటే అక్కడ ఆలస్యం కంటే దోపిడీ ఎక్కువ నష్టం. మనిషి దారిని తన లాభానికి వాడుకున్న ఉద్యోగిని వదలకూడదు. ఈ మూడూ ఉంటే నీ నాలుగింటికీ నా అభ్యంతరం లేదు. కఠినత్వం మంచిదేనన్న నా మాట మాత్రం వెనక్కి తీసుకోను. అది ముందు వ్యవస్థ నడిపేవాళ్లమీద ఉండాలన్నది నువ్వు కలిపిన మాట, దాన్ని నేను ఒప్పుకుంటున్నాను.

వాదన విన్నాక తీర్పు చెప్పకుండా తప్పుకోవడం సరికాదు. మామయ్య భయాల్లో నిజముంది, ఆయన షరతులు అవసరం. అయినా మూలసూత్రం దగ్గర మేనకోడలిదే న్యాయం. 2018 ఆధార్ తీర్పులో నలుగురు న్యాయమూర్తులు ఒకవైపు ఉండగా, జస్టిస్ డి.వై. చంద్రచూడ్ విడిగా రాసిన అభిప్రాయంలో పౌరుల హక్కులు సాంకేతిక పద్ధతుల ఒడిదుడుకుల మీద ఆధారపడకూడదని హెచ్చరించారు. చట్టం పరంగా మెజారిటీ మాటే చెల్లుతుంది. కానీ ఆ హెచ్చరిక రేషన్ షాపు గుమ్మంలోనూ, బ్యాంకు యాప్‌లోనూ రోజూ ఎదురవుతూనే ఉంది. వ్యవస్థను తయారుచేసేవాళ్లు, కొనేవాళ్లు, నడిపేవాళ్లు దాని లాభం పొందుతారు కాబట్టి దాని లోపాల భారం కూడా వాళ్లదే కావాలి. బ్యాంకింగ్‌లో ఈ సూత్రం ఉత్తర్వుల రూపంలో ఉంది. రేషన్‌కు, పెన్షన్‌కు, మిగతా ప్రభుత్వ సేవలకు అంతే బలంగా రావాలి.

అంతదాకా పాఠకులు చెయ్యగలిగింది కొంత ఉంది. మీరు చెయ్యని లావాదేవీ కనబడితే మూడు పనిదినాలు దాటకుండా బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పండి. సైబర్ మోసమైతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చెయ్యవచ్చు, దానికి రుసుము లేదు. మీ ముందు వరసలో ఉన్నవాళ్లకు వేలిముద్ర పడలేదంటే రేపు రమ్మన్న మాటతో వాళ్లను వెళ్లనివ్వకండి. కారణం కాగితం మీద రాసిమ్మని వాళ్ల తరఫున అడగండి.